పరిణామం, వికాసం, అభివృద్ధి: జీవశాస్త్రంలో ఏ మాట ఎక్కడ రాయాలి

మీ ప్రశ్న ఇది. విజయవాడలో డీఎస్సీకి చదువుకుంటూ, సాయంత్రం పూట గుంటూరు వైపు పల్లెల పిల్లలకు తెలుగు మీడియంలో జీవశాస్త్రం చెబుతున్నారు. టెట్ పుస్తకంలో డెవలప్‌మెంట్‌ను వికాసం అన్నారు. జీవశాస్త్రం పుస్తకంలో అదే మాటకు అభివృద్ధి అని ఉంది. పాత పుస్తకం తీస్తే ఎవల్యూషన్‌నే వికాసం అన్నారు. పరీక్షలో ఏది రాయాలి, పిల్లలకు ఏది చెప్పాలి అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. జీవశాస్త్రం జవాబులో ఎవల్యూషన్‌కు పరిణామం అనే రాయండి. పిండం నుంచి పూర్తి జీవి తయారవడానికి అభివృద్ధి అని రాయండి. వికాసం అనే మాటను శిశు వికాసం పేపర్‌కే వదిలేయండి. అక్కడ పెరుగుదల అంటే ఎత్తు, బరువు లాంటి కొలతకు వచ్చే మార్పు, వికాసం అంటే ఆలోచన, భాష, నడవడి కూడా కలిసిన మార్పు. ఆ పేపర్‌లో ఆ మాటలు స్థిరపడిపోయాయి, వాటిని కదిలించొద్దు.

ఏ వాక్యంలో ఏ మాట పడుతుందో తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. మారింది ఎవరు? ఎంతకాలంలో? ఒకే జీవి తన ఆయుష్షులో మారితే అది అభివృద్ధి. ఒక జీవి కాకుండా, ఒక చోట ఉన్న ఆ రకం జీవులన్నీ కలిసిన గుంపులో, తరాలు గడిచేకొద్దీ లక్షణాల పాళ్లు మారితే అది పరిణామం. అంతకుముందు లేనిది మొదటిసారి కనబడితే ఆవిర్భావం, లేదా తేలికగా పుట్టుక. పోకిమాన్ కార్టూన్‌లో ఒక బొమ్మ జంతువు ఇంకో ఆకారంలోకి మారగానే ఎవాల్వ్ అయింది అంటారు, పిల్లలకు ఆ మాట అక్కడే మొదట చెవిన పడుతుంది. అక్కడ మారేది ఒకే జీవి కాబట్టి అది రూపవిక్రియకు, అంటే గొంగళి పురుగు సీతాకోకచిలుక అవడానికి దగ్గర, పరిణామం కాదు. ఈ ఒక్క ఉదాహరణతో ఏడో తరగతి పిల్లలకు కూడా తేడా పట్టుబడుతుంది.

ఇంత గందరగోళం ఎందుకొచ్చిందో తెలిస్తే మాట మళ్లీ తప్పు పడదు. ఎవల్యూషన్‌కు లాటిన్‌లో చుట్టిపెట్టిన దాన్ని విప్పడం అని అర్థం. 18వ శతాబ్దంలో ఆ మాటను వాడింది పిండాన్ని చదివినవాళ్లు. గుడ్డులోనో వీర్యకణంలోనో బుల్లి జీవి ముందే తయారై ఉంటుందని, అదే మెల్లగా విప్పుకుంటుందని కొందరు నమ్మేవారు. 1744లో ఆల్‌బ్రెక్ట్ ఫాన్ హాలర్ ఆ అర్థంలోనే వాడాడు. 1759లో కాస్పర్ వోల్ఫ్ కోడిపిండాన్ని పరిశీలించి, అవయవాలు ముందే ఉండవని, ఒకదాని వెనక ఒకటి కొత్తగా ఏర్పడతాయని చూపించాడు. ఇక డార్విన్ 1859 నాటి తన 'జీవజాతుల పుట్టుక' పుస్తకం మొదటి కూర్పులో ఎవల్యూషన్ అనే నామవాచకమే వాడలేదు. ఆ పుస్తకంలో అది కనబడేది 1872 నాటి ఆరో కూర్పులో. తొలి కూర్పులో ఆయన చెప్పింది మార్పులతో సాగే వంశక్రమం అని.

వికాసం అంటే మొగ్గ విచ్చుకోవడం. లోపల ఉన్నదే బయటికి రావడం. అంటే ఆ మాట సరిపోయేది ఎవల్యూషన్‌కున్న ఆ పాత అర్థానికే, డార్విన్ చెప్పినదానికి కాదు. పైగా వికాసం అనగానే మెరుగవడం, పైకి ఎదగడం అనే భావం వచ్చేస్తుంది. పరిణామానికి పైకి, కిందికి అనేవి లేవు. గుహల్లో బతికే కొన్ని చేపలకు కళ్లు పోయాయి, అదీ పరిణామమే. హిందీలో ఇప్పటికీ రెండింటికీ వికాస్ మూలంగా ఉన్న మాటలే నడుస్తున్నాయి. మనకు రెండు వేరు మాటలు ఉండటం అదృష్టం, దాన్ని చేజేతులా చెడగొట్టుకోవద్దు.

పరిణామం అనే మాటలోనూ చిక్కులున్నాయి. పేపర్లో రోజూ రాజకీయ పరిణామాలు, దుష్పరిణామాలు అని చదువుతాం. అక్కడ అర్థం ఫలితం, లేదా సంఘటన. అందుకే పాఠం మొదట్లో ఒక్కసారి జీవ పరిణామం అని పూర్తిగా చెప్పి, తర్వాత పరిణామం అనండి. రెండోది అక్షరాల తడబాటు. జవాబు పత్రాల్లో పరిణామం బదులు పరిమాణం అని పడుతూ ఉంటుంది. పరిమాణం అంటే సైజు. "జీవుల పరిమాణం గురించి డార్విన్ చెప్పాడు" అని రాస్తే విషయమే మారిపోతుంది. బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాసి ణ, మ ఎక్కడ పడుతున్నాయో చూపించండి. మూడోది లోతైనది. మన దర్శనాల్లో పరిణామం అనగానే చెప్పే ఉదాహరణ పాలు పెరుగవడం. గిన్నెలో ఉన్న పాలన్నీ పెరుగుగా మారతాయి. ఆ బొమ్మ మనసులో ఉన్నవాళ్లు కోతులన్నీ మనుషులుగా మారాయనుకుంటారు, అలాగైతే ఇంకా కోతులెందుకు ఉన్నాయని అడుగుతారు. జీవ పరిణామంలో తోడు వేయడమూ లేదు, గిన్నె మొత్తం ఒకేసారి మారడమూ లేదు. దీనికి మన చుట్టరికం మాటలే సరైన మందు. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఉమ్మడి పూర్వీకుల నుంచి సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట పాయలు విడిపోయాయి. దాయాది ఇంకా ఎందుకు బతికున్నాడని ఎవరూ అడగరు కదా.

ఇప్పుడు మీ పిల్లలకు బాగా తెలిసిన చేలోకి వెళ్దాం. గుంటూరు పత్తి రైతు నోట తరచూ వినే మాట: "పురుగు మందుకు అలవాటు పడిందండీ." మన ప్రాంతంలో పరిణామం పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి వాక్యం నాకు కనబడదు, ఎందుకంటే రైతు చూసింది నిజం, అలవాటు అన్న మాట ఒక్కటే తప్పు. అలవాటు పడటం ఒక జీవి తన బతుకులో చేసే పని. కాఫీకి అలవాటు పడతాం, ఎండకు అలవాటు పడతాం. పురుగు అలా చేయలేదు.

జరిగిందేమిటో గులాబీ రంగు పురుగు మీద చూడండి. తెరుచుకోకుండా ముడుచుకుపోయిన పత్తి పువ్వును మనవాళ్లు గుడ్డిపువ్వు అంటారు. దాన్ని విప్పితే లోపల ఆ పురుగు డింభకం, అంటే గొంగళి దశలో ఉన్న పిల్ల ఉంటుంది. బీటీ పత్తిలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి తీసిన జన్యువు ఉంటుంది, అది తయారుచేసే ప్రొటీన్ తింటే డింభకం చస్తుంది. మన దేశంలో 2002లో ఒక జన్యువున్న బీటీకి, 2006లో రెండు జన్యువులున్న బీజీ-2కు అనుమతి వచ్చింది. ఒక చేలో లక్ష పురుగులున్నాయనుకుందాం. అన్నీ ఒకేలా ఉండవు, ఆ తేడాలే వైవిధ్యాలు. ఆ తేడాలకు మూలం జన్యువులో ఎప్పుడో వచ్చిన మార్పు, అది ఉత్పరివర్తనం. బీటీ రాకముందే కొన్నిట్లో ఆ మార్పు ఉండి ఉంటుంది, అప్పుడు దానివల్ల వాటికి ఒరిగేదేమీ లేదు. బీటీ వచ్చాక తట్టుకోలేనివి చచ్చాయి, తట్టుకునేవి మిగిలి పిల్లల్ని పెట్టాయి. ఇది వరణం. తరం తరానికీ తట్టుకునేవాటి పాలు పెరిగింది. ఇది పరిణామం. ఏ ఒక్క పురుగూ మారలేదు, చేలో ఉన్న పురుగుల గుంపు మారింది. తట్టుకునే ఆ గుణం పేరు నిరోధకత. రోగనిరోధక శక్తి అని మాత్రం రాయకండి, అది వేరే సంగతి.

ఇక్కడే బహిర్గత (ఒక్క కాపీ ఉన్నా బయటపడేది), అంతర్గత (రెండు కాపీలుంటేనే బయటపడేది) అనే మెండెల్ మాటలు కూడా పనికొస్తాయి. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. చాలామంది దాన్ని గట్టున పారేశారు. దాని పని ఇది. నాన్ బీటీ మొక్కల మీద బీటీని తట్టుకోలేని పురుగులు కూడా బతుకుతాయి. బీటీ చేలో మిగిలిన నిరోధక పురుగుకు జత దొరికేటప్పుడు ఎక్కువగా ఇవే దొరుకుతాయి. నిరోధకత ఇచ్చే యుగ్మవికల్పకం, అంటే జన్యువు రూపం, అంతర్గతమైతే, ఆ జంటకు పుట్టేవన్నీ విషమయుగ్మజాలు, అంటే ఒక్క కాపీ మాత్రమే ఉన్నవి. అవి బీటీ తిని చస్తాయి. ఆ 120 గ్రాములు వేయకపోతే నిరోధకం నిరోధకంతోనే కలుస్తుంది, సమయుగ్మజాలు, అంటే రెండు కాపీలూ ఉన్నవి పుడతాయి, వాటిని బీటీ ఏమీ చేయలేదు. చిన్న ప్యాకెట్ వేస్తే పురుగు పడుతుందని రైతు భయపడటంలో తప్పు లేదు. ఇది ఎందుకు పని చేస్తుందో తెలుగులో వివరంగా చెప్పినవాళ్లు తక్కువ. మీ పిల్లలు ఇంటికెళ్లి ఈ లెక్క చెప్పగలిగితే, ఆ నాలుగు మాటలకూ ప్రాణం వచ్చినట్టే.

అలవాటు పడింది అనే వాక్యం నిజానికి డార్విన్ కంటే ముందటి ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ చెప్పినదాని నీడ. బతుకులో సంపాదించుకున్న మార్పు పిల్లలకు వెళ్తుందని ఆయన అన్నాడు. వాటిని ఆర్జిత గుణాలు అంటాం. జర్మన్ శాస్త్రవేత్త వీస్మన్ ఎలుకల తోకలు తరం తర్వాత తరం కోసి చూశాడు, పిల్లలు తోకలతోనే పుట్టాయి. మన ఇళ్లలో ఆడపిల్లలకు తరతరాలుగా చెవులు కుట్టిస్తున్నాం, రంధ్రాలతో పుట్టిన బిడ్డ లేదు. కాబట్టి అనుకూలనం (అడాప్టేషన్) అని రాసే చోట అలవాటు అని రాయొద్దు. ఎడారి మొక్కకు ముళ్లు అనుకూలనం. ఢిల్లీ నుంచి వచ్చినవాడు మన మే నెల ఉక్కకు తట్టుకోవడం అలవాటు.

ప్రకృతి వరణం అనే మాటలో వరణం స్వయంవరంలోని వరణమే, ఎంచుకోవడం. దాంతో ఎవరో కూర్చుని ఎంచుతున్నారనే భ్రమ కలుగుతుంది. ఎంచేవాళ్లు ఎవరూ లేరని, మిగలడమే ఎంపిక అని వెంటనే చెప్పాలి. నిజంగా ఎంచేవాళ్లున్న చోట కృత్రిమ వరణం అంటాం. యోగ్యతముల సార్థక జీవనం అనే పాఠ్యపుస్తకం మాట హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో అన్నదానికి తెలుగు, డార్విన్ దాన్ని 1869లో తన ఐదో కూర్పులో చేర్చుకున్నాడు. దాన్ని బలవంతులదే మనుగడ అని విడమరచడం తప్పు. యోగ్యతకు కొలత కండబలం కాదు, బతికి బట్టకట్టే సంతానం ఎంత అన్నది.

జాతి అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. జాతి అంటే దేశమూ అవుతుంది, కులమూ అవుతుంది, పశువుల రకమూ అవుతుంది. ఒంగోలు జాతి గిత్త అంటాం, నెల్లూరు జాతి గొర్రె అంటాం. గుంటూరు పక్కన లాం ఫారంలో ఒంగోలు పశువులను పెంచుతారు. బ్రెజిల్‌లో కోట్లలో ఉన్న నెలోర్ పశువులు ఈ ఒంగోలు పశువుల సంతతే. అయినా ఒంగోలు గిత్త వేరే స్పీషీస్ కాదు, ఇంకో రకం ఆవుతో కలిస్తే సంతానోత్పత్తి చేయగల దూడే పుడుతుంది. అది మనిషి చేసిన కృత్రిమ వరణం. అందుకని స్పీషీస్‌కు జీవజాతి అని రాయండి, పశువుల బ్రీడ్‌కు వాడుకలో ఉన్న జాతి ఉంచండి, పంటల్లో రకం లేదా వంగడం అనండి. తేజ మిర్చి ఒక రకం, జీవజాతి కాదు.

జీవజాతి, ప్రజాతి, కుటుంబం చెప్పడానికి కూరగాయల బుట్ట చాలు. వంకాయ సొలానమ్ మెలాంజినా, టమాటా సొలానమ్ లైకోపెర్సికమ్, బంగాళదుంప సొలానమ్ ట్యూబరోసమ్. మూడింటికీ ఇంటిపేరు ఒకటే, అదే ప్రజాతి. మిర్చి కాప్సికమ్ ఆన్యువమ్, ఇంటిపేరు వేరు, కాని అదీ సొలనేసి కుటుంబమే. మన పద్ధతిలో లాగా శాస్త్రీయ నామంలోనూ ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి పిల్లలకు చప్పున పట్టుబడుతుంది.

అభివృద్ధి వైపు వెళ్తే కోడిగుడ్డు దగ్గర మొదలుపెట్టండి. దుకాణంలో దొరికే ఫారం గుడ్లు సాధారణంగా ఫలదీకరణం కానివి, వాటిని పొదిగినా పిల్ల రాదు. పుంజు ఉన్న చోట పెట్టిన నాటుకోడి గుడ్డు కావాలి. కోడి కింద గానీ, 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర యంత్రంలో గానీ 21 రోజులు పొదగాలి. ఐదో రోజు చీకటి గదిలో గుడ్డు వెడల్పు వైపు టార్చి ఆనించి చూస్తే, మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్లలా పాకిన ఎర్రటి నరాలు కనబడతాయి. నరాలన్నది మన వాడుక మాట, పరీక్షలో రక్తనాళాలు అని రాయాలి. అసలు రెండో రోజు ముగిసేసరికే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. వేడి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైనా పిండం చనిపోవచ్చు, గుడ్డును రోజూ తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది.

ఈ 21 రోజుల్లో జరిగేవాటికి వేర్వేరు పేర్లున్నాయి, అన్నిటికీ పెరుగుదల అని ఒకే ముద్ర వేయకండి. సంయుక్త బీజం, అంటే ఫలదీకరణంతో ఏర్పడిన మొదటి కణం, ముక్కలుగా చీలడం విదళనం. అప్పుడు కణాల లెక్క పెరుగుతుంది, మొత్తం సైజు పెరగదు. ఇది చాలామంది తప్పే చోటు. తర్వాత బహిస్త్వచం, మధ్యస్త్వచం, అంతస్త్వచం అనే మూడు పొరలు ఏర్పడతాయి. బహిస్త్వచం నుంచి చర్మం పై పొర, నాడీమండలం, మధ్యస్త్వచం నుంచి కండరాలు, ఎముకలు, గుండె, అంతస్త్వచం నుంచి ఆహారనాళం లోపలి పొర, కాలేయం వస్తాయి. మెదడు లోపల ఉంది కదా అని అంతస్త్వచం నుంచి అని రాస్తారు. మెదడు పుట్టేది బహిస్త్వచం నుంచే. కణాలు వేర్వేరు పనులకు వేర్వేరుగా తయారవడం విభేదనం. సైజు పెరగడం ఒక్కదానికే పెరుగుదల.

మనిషి దగ్గర పిండం, భ్రూణం అని రెండు మాటలు. ఫలదీకరణం నుంచి 8 వారాలు నిండేదాకా పిండం, ఆ తర్వాత పుట్టేదాకా భ్రూణం. హిందీలో భ్రూణ్ అంటే మన పిండం, అందుకే హిందీ నుంచి దించిన నోట్సుల్లో ఈ రెండూ తారుమారవుతాయి. వారాల లెక్కలోనూ తేడా వస్తుంది. ఆసుపత్రి కార్డు మీద వారాలు చివరి నెలసరి నుంచి లెక్కిస్తారు, అది ఫలదీకరణానికి సుమారు 2 వారాల ముందు. కాబట్టి పుస్తకంలో 8 వారాలు కార్డులో 10. కాన్పుకు కార్డు లెక్కన 280 రోజులు, ఫలదీకరణం లెక్కన 266.

అభివృద్ధిని, పరిణామాన్ని కలిపేసిన పాత వాక్యం ఒకటి ఇంకా గైడ్లలో తిరుగుతోంది: జీవి తన అభివృద్ధిలో తన వర్గ చరిత్రను పునరావృతం చేస్తుంది అని. అంటే పిండం తన పూర్వీకుల రూపాలను వరుసగా దాటుకుంటూ వస్తుందని. ఎర్నెస్ట్ హెకెల్ 1866లో చెప్పింది. ఆ రూపంలో దాన్ని శాస్త్రం ఇప్పుడు ఒప్పుకోదు. మానవ పిండం ఏ దశలోనూ చేప కాదు, మొప్పలూ ఉండవు. ఉండేవి గ్రసని చాపాలు, అంటే గొంతు దగ్గరి వంపులు. చేపలో వాటి నుంచి మొప్పల భాగాలు, మనలో దవడ, చెవి లోపలి చిన్న ఎముకలు, స్వరపేటిక భాగాలు వస్తాయి. దీనికి సరైన మాట హెకెల్ కంటే ముందే, 1828లో ఫాన్ బేర్ చెప్పాడు: ఒక జీవి పిండం ఇతర జీవుల పిండాలను పోలి ఉంటుంది, వాటి ప్రౌఢ జీవులను కాదు. పరీక్షలో హెకెల్ గురించి అడిగితే ఆయన అన్నాడని రాయండి, నిజమని రాయకండి.

కొన్ని జంటలు త్వరగా. ప్రత్యుత్పత్తి అంటే సంతానాన్ని కనడం, పునరుత్పత్తి అంటే తెగిన బల్లి తోక మళ్లీ రావడం. పేపర్లు పునరుత్పత్తి వ్యవస్థ అని రాస్తుంటాయి, మీరు రాయొద్దు. వేరు వేరు పనులు చేసినా కట్టు ఒకటే అయిన మన చెయ్యి, గబ్బిలం రెక్క నిర్మాణసామ్య అవయవాలు. పని ఒకటే అయినా కట్టు వేరైన సీతాకోకచిలుక రెక్క, పక్షి రెక్క క్రియాసామ్య అవయవాలు. మ్యుటేషన్ అని తెలుగులో ఒట్టిగా రాస్తే మన ఊళ్లో ముందు గుర్తొచ్చేది పాసుపుస్తకంలో పేరు మార్పు, కాబట్టి ఉత్పరివర్తనం అనే రాసి, జన్యువులో వచ్చే మార్పు అని విడమరచండి. పరిణామ వాదం కంటే పరిణామ సిద్ధాంతం మేలు, వాదం అంటే ఇంకా తేలని తగాదా అనిపిస్తుంది. హైపోథిసిస్‌కు పరికల్పన.

చివరిగా జీవం పుట్టుక. జీవం పుట్టుక, జీవజాతుల పుట్టుక వేర్వేరు ప్రశ్నలు. డార్విన్ పుస్తకం రెండోదాని గురించి. మొదటిదానికి 1924లో ఒపారిన్, 1929లో హాల్డేన్ వేర్వేరుగా పరికల్పన ఇచ్చారు. 1953లో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరిలో విద్యుత్తు మెరుపులు పంపి అమైనో ఆమ్లాలు వచ్చాయని చూపించాడు. ఆయన సీసాలో జీవం పుట్టిందని రాస్తే మార్కు పోతుంది, పుట్టింది అమైనో ఆమ్లాలే. పాశ్చర్ హంసమెడ సీసాతో చూపించింది వేరు: కాచి, సూక్ష్మజీవులు పడకుండా కాపాడిన రసంలో ఇప్పటి సూక్ష్మజీవులు వాటంతట అవి పుట్టవని. అది కోట్ల ఏళ్ల కిందటి భూమి గురించి చెప్పిన తీర్పు కాదు. కాబట్టి పాశ్చర్, మిల్లర్ ఒకరినొకరు ఖండించుకోవడం లేదు.

ఈ పాఠంలో అంకెలు దించేటప్పుడు ఒక బిలియన్ అంటే 100 కోట్లు, ఒక మిలియన్ అంటే 10 లక్షలు అని నోట్స్ మొదటి పేజీలోనే రాసుకోండి. భూమి వయసు 4.54 బిలియన్ ఏళ్లు, అంటే 454 కోట్లు. జీవం ఆనవాళ్లు కనీసం 3.5 బిలియన్ ఏళ్ల నాటివి, అంటే 350 కోట్లు. డైనోసార్లు అంతరించింది 66 మిలియన్ ఏళ్ల కిందట, అంటే 6.6 కోట్లు. బిలియన్ పక్కన ఉన్న 3.5ను అలాగే ఉంచి కోట్లు అని తగిలిస్తే, జీవం పుట్టకముందే డైనోసార్లు అంతరించిపోయినట్టు అవుతుంది.